మూడో ఊట

"గంటకు రెండు కిలోమీటర్లు. నీకోసమే నడక తగ్గించి లెక్క వేశాను," అన్నాడు గ్యుసోక్, భోజనాల బల్లమీద జిరిసాన్ కొండల పటం పరిచి. కిందటి నెలే రిటైరయ్యాడు. భార్య ఓక్రాన్‌తో మూడు రోజుల కొండనడకకు వెళ్లబోవడం ఇదే మొదలు. "మనిషికి లీటరు నీళ్లు చాలు. ఈ మూడో ఊట దగ్గర మళ్లీ పట్టుకుందాం."

ముల్లంగి తరుగుతున్న ఓక్రాన్ పటం వైపు చూడనైనా లేదు.

"ఈ నెలలో అది ఎండిపోతుందండీ. రెండేసి లీటర్లు మోయాల్సిందే. దారిలో వచ్చే రాతిమెట్ల దగ్గర గంటకు కిలోమీటరు నడిస్తే గొప్ప."

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేమిటి? మా అక్కతో నాలుగుసార్లు వెళ్లొచ్చాగా."

"నాతో చెప్పకుండానా?"

"ప్రతిసారీ చెప్పే వెళ్లాను. పేపరులోంచి తలెత్తకుండా 'ఊఁ' అన్నారు. మొదటిసారి మోకాలు వాచి వారం రోజులు కుంటితే, 'బూట్లు కరిచాయా?' అని అడిగారు."

బూట్ల సంగతి గ్యుసోక్‌కు బాగానే గుర్తుంది. కొత్తవి కొనుక్కోమని సలహా ఇచ్చి, ఎంత శ్రద్ధగల మొగుణ్ణో అని తనను తానే మెచ్చుకున్నాడు కూడా.

పటం మీద పెన్సిలుతో వేసుకున్న అంకెలన్నీ రబ్బరుతో చెరిపేశాడు.

"ఆ నాలుగుసార్లూ ఏం జరిగిందో చెప్పు."

"ఇప్పుడా? చాలాసేపు పడుతుందండీ."

"పట్టనీ," అంటూ ఆమెకోసం కుర్చీ లాగాడు.