దిద్దని తప్పు

"పేనుకొరుకుడండీ, మందు రాస్తున్నాను," అంది లెక్కల టీచరు, పార్లరావిడ తన చెవి మీది పాయ ఎత్తీ ఎత్తకముందే.

పార్లరావిడ పాయ కింద జుట్టులేని మచ్చను బొటనవేలితో తడిమింది. "పేనుకొరుకుడైతే నున్నగా ఉంటుందమ్మా. ఇక్కడ గరుగ్గా మొలకలు తగులుతున్నాయి."

టీచరు అద్దంలోంచి చూపు తిప్పుకుంది. పేనుకొరుకుడన్నది స్కూలంతా నమ్మిన అబద్ధం.

"కావాలని పీక్కోవట్లేదండీ. ఇంటికెళ్ళి పేపర్లు దిద్దుతూ కూర్చుంటాను. తీరా చూస్తే ఒళ్ళో వెంట్రుకలు."

"ఇంట్లో ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపరా?"

"చూసేవాళ్ళెవరున్నారని, ఆపడానికి?"

పార్లరావిడ తన మోచేతి పక్కనే ఉన్న క్లిప్పుల డబ్బా తీసి టీచరు ఒళ్ళో పెట్టింది. "ఒక్కొక్కటే అందించండి."

టీచరు అందిస్తూ పోయింది. మచ్చ మీదికి మెల్లగా జుట్టు వచ్చి పడింది. డబ్బా ఖాళీ అయ్యాక గానీ తట్టలేదు, అరగంటగా తన చెయ్యి తల మీదికి పోనేలేదని.

"వచ్చే ఆదివారం మళ్ళీ రండి."

"వారానికే ఏం పెరుగుతుందండీ?"

"జుట్టుకోసం కాదు తల్లీ. క్లిప్పులు అందించే మనిషి లేక చస్తున్నాను."

పార్లరావిడ ఖాళీ డబ్బాను మళ్ళీ తన మోచేతి పక్కనే, చూడకుండానే చెయ్యి అందేచోట పెట్టుకుంది.

టీచరు అది చూసింది; క్లిప్పులు అందించే మనిషితో ఆవిడకు పనే లేదని తెలిసింది. ఆ తప్పును మాత్రం దిద్దలేదు.

"ఎన్నింటికి రమ్మంటారు?" అంది.