వినికిడి మిషను

మాజీ సైనికుల సన్మానమంటే మా కాలనీ సంఘం కార్యదర్శికి ప్రాణం. మైకంటే ఇంకా ప్రాణం.

మా తాతయ్యను ముందు వరసలో కూర్చోబెట్టి, టీ చల్లారిపోయేదాకా దేశభక్తి దంచేశాడు. జీవితమంతా ఫిరంగుల దళంలో పనిచేసిన మనిషిని యుద్ధవిమానం ఎక్కించాడు. చివరికి కుర్చీలిచ్చిన తన బావమరిది షాపును పొగిడి యుద్ధం ముగించాడు.

తాతయ్య చిరునవ్వు చెక్కుచెదరలేదు. "ఎంత నిబ్బరమో!" అని వెనక వరస మురిసిపోయింది. ఫిరంగి మోతలకు ఆయన చెవులు ఏనాడో పోయాయనీ, వినికిడి మిషను గేటు దగ్గరే తీసి జేబులో వేసుకున్నాడనీ నేను చెప్పలేదు. వాళ్ల ఆనందం పాడుచెయ్యడం దేనికి?

"రెండు ముక్కలు మాట్లాడండి తాతగారూ!" అంటూ కార్యదర్శి మైకు చాచాడు. నేను భుజం తట్టాను.

తాతయ్య లేచి, మిషను చెవికి పెట్టుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"నాతో యుద్ధానికొచ్చి తిరిగి రానివాళ్ల పేర్లు చదువుతామన్నారు. అందుకే వచ్చాను. చదవండి బాబూ, వింటాను."

కార్యదర్శి వాచీ చూసుకున్నాడు.

"టైం చాలదని అది తీసేశామండీ. ఏమనుకోకండి."

తాతయ్య ఏమీ అనుకోలేదు. మిషను తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. మైకు అందుకుని మొదటి పేరు చెప్పాడు. తర్వాత రెండోది.

"టైమైపోయింది తాతగారూ!" అని పక్కన కార్యదర్శి గొంతు చించుకుంటున్నాడు.

పాపం, తాతయ్యకు వినపడదు కదా.