తాడు ముడికి సరిపోయిన మంచం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పోస్టుకార్డు కొనేశాను కదా, పారెయ్యడానికి మనసొప్పక రాస్తున్నాను.

మా పక్కింటి నారాయణమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. చాప మీంచి లేవాలంటే గోడ పట్టుకుని పాకాలి. మంచం కొనమని ఏడాదిగా కొడుకు దేవేంద్రని అడుగుతోంది. గది చిన్నదంటాడు వాడు. అందుకని ఆవిడే గదిని తాడుతో కొలిచి, ముడి వేసి, ఆ తాడు పట్టుకుని, ఈసారి ఎందుకో సరేనన్న కొడుకుతోనూ నాతోనూ రాజాం బయల్దేరింది. (రాజాంలో మంచాల కొట్లు ఎక్కువ, నిద్రపోయేవాళ్ళు తక్కువ. ఆ గొడవ ఇప్పుడెందుకు.)

ముడికి సరిపోయే ఇనప మంచం దొరికింది. దేవేంద్ర గీసి గీసి బేరమాడి చవగ్గా కొన్నాడు.

"నా నాయనే! ఇన్నాళ్ళకి నా మాటిన్నాడు," అంటూ నారాయణమ్మ ఆటోలో దారి పొడుగునా మంచం కోడు వదల్లేదు.

ఇంట్లో దించాక, చుట్టిన ప్లాస్టిక్ కవరుతోనే మంచం ఈ గోడకీ ఆ గోడకీ సరిగ్గా పట్టింది. ఆవిడ కూర్చోబోతుంటే దేవేంద్ర కేకేశాడు.

"ఓలమ్మా, లెగు లెగు! కవరు సిరిగిపోతాది."

"సిరిగితే ఏటిరా? తీసీసి తొంగుంటాను."

"తొంగోడమేటి? నువ్వు పోయాక పన్నెండో రోజున పంతులుగోరికి మంచం దానం ఇయ్యాల కదా. వాడీసిన మంచం ఆయన పుచ్చుకోడు. అప్పటికి రేటెంతుంటాదోనని ఇప్పుడే కొనీసినాను."

నారాయణమ్మ తాడుని చేతికి చుట్టుకుంది.

"మరి నానెక్కడ తొంగోవాలిరా?"

"కిందంతా కాళీయే కదేటి."

ఆవిడ చాప తెచ్చి మంచం కిందకి తోసింది. తర్వాత తనూ దూరింది.