వేడెక్కని రోలర్

తను నడిపే రోడ్డు రోలర్‌ను తనే చెడగొట్టాలని దేవేందర్ తీర్మానించుకున్నాడు.

కారణం పూజ. శామీర్‌పేటలో కొత్త కాలనీకి రోడ్డు వేస్తున్నారు. ఆ పక్కనే టార్పాలిన్ కింద పూజ తల్లి వజ్రమ్మ చాయ్ కొట్టు. చాయ్ అందించేదీ పూజే, పంపు స్టవ్ మొరాయిస్తే పానా పట్టేదీ పూజే. సోమవారంతో రోడ్డు పని అయిపోతుంది. మర్నాడు రోలర్ ట్రైలరెక్కి నిజామాబాద్ పోతుంది, దాంతోపాటు దేవేందరూ పోవాలి. ఎండలు మొదలైనప్పటి నుంచీ ఆ పిల్ల చేతి చాయ్ తాగుతున్నాడు గానీ, మనసులో మాట ఒక్కటీ పెదవి దాటలేదు.

కూలీలందరూ వజ్రమ్మను ‘చిన్నమ్మా’ అంటారు. దేవేందర్ అనడు. అంటే పూజ చెల్లెలైపోదూ! పోనీ ‘అత్తా’ అందామంటే ధైర్యం చాలదు. అందుకని రెండూ కాకుండా “ఓ... ఒక చాయ్” అంటూ నెట్టుకొస్తున్నాడు.

ఉపాయం దొరికింది కూడా ఆ కొట్టులోనే. మేడ్చల్ మెకానిక్ యాదయ్య ఒకరోజు చాయ్ తాగుతూ తన గొప్ప చెప్పుకున్నాడు.

“బండి గరమైతాందంటే అందరు రేడియేటర్ కడుగుతరు, బెల్టు మారుస్తరు. నాకు దొరికిందేందో ఎరుకేనా? ఎవడో ఫ్యాన్ తిరగేసి బిగించిండు! సూస్తే మంచిగనే తిరుగుతది, గాలి గూడ అటే పోతది. కని సగం గాలే! నన్నే పరేషాన్ జేసింది పో.”

అందరూ నవ్వారు. గ్లాసులు కడుగుతున్న పూజ కూడా నవ్వింది. దేవేందర్ మాత్రం నవ్వడం మరిచిపోయి ఆ మాటను బుర్రలో భద్రంగా దాచుకున్నాడు.

శనివారం నాడు కాంట్రాక్టరు గోపాలరావు చెవిన ముందుగానే ఒక మాట వేశాడు. “సార్, బండి జర గరమైతాంది.” సోమవారం బండి ఆగిపోతే ఎవరికీ అనుమానం రాకూడదు కదా.

ఆ సాయంత్రం పూజ తనంతట తనే పలకరించింది.

“రేపు ఛుట్టీ గదా, మేడ్చల్ పోతవా?”

“పోత. కటింగ్ జేయించుకోవాలె.”

“మల్ల ఎప్పుడొస్తవ్?”

ఎప్పుడొస్తాడో కనుక్కుంటోంది! దేవేందర్ కాళ్లు నేల మీద నిలవలేదు. “పొద్దుగూకే యాళ్లకు వస్త” అన్నాడు.

అన్నట్టే ఆదివారం పొద్దు వాలుతుండగా కొత్త కటింగుతో దిగాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. రోలర్ పక్క రేకు తీసి ఫ్యాన్ బోల్టులకు పానా పెట్టాడు. ఏళ్ల తుప్పు, ప్రాణం తీస్తాయనుకున్నాడు. వెన్నలో గుచ్చినట్టు తిరిగాయి. దేవుడు తన పక్షానే ఉన్నాడు! ఫ్యాన్‌ను ఊడదీసి, అటుది ఇటు తిప్పి, గట్టిగా బిగించి, ఈల వేసుకుంటూ చాయ్‌కి వెళ్లాడు.

గ్లాసు అందించిన పూజ వేళ్లకు పసుపు అంటించి ఉంది.

“ఏమైంది?”

“కత్తిపీటకు తెగింది” అంది. వేలు తెగినా మనిషి మాత్రం ఎందుకో తెగ హుషారుగా ఉంది.

సోమవారం ఎండ మండిపోతోంది. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటగానే కేక పెట్టడానికి దేవేందర్ గొంతు సవరించుకుని కూర్చున్నాడు. ముల్లు కదల్లేదు. ఎత్తు మీదికి నడిపాడు. ఇంజిన్ అదిరేలా తొక్కాడు. నీడపట్టున పడుకున్న కుక్కలా ముల్లు ఉన్నచోటే ఉంది.

మధ్యాహ్నానికి గోపాలరావు యాదయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. యాదయ్య బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. ఇంజిన్ నడుస్తుండగానే రేడియేటర్ ముందు పాత పేపరు పట్టుకున్నాడు. అది టప్పున జాలీకి అతుక్కుంది.

“గాలి మస్తు గుంజుతాంది. బండికేం గాలే సార్.” ఇంజిన్ ఆపించి, లోపలికి వంగినవాడు ఆగిపోయాడు. “కని ఫ్యాన్ బోల్టులు ఎవరో ఇప్పిన్రు. గీతలు కొత్తగున్నయ్.”

గోపాలరావు మొహం కందగడ్డ అయింది. “ఎవడా దొంగవెధవ? ఇప్పుడే పోలీసులకు పట్టిస్తాను!”

దేవేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఆగున్రి సార్” అన్నాడు యాదయ్య. “దొంగైతే ఫ్యాన్ ఎత్కపోవాలె, లేకుంటే ఖరాబు జెయ్యాలె. గీ ఫ్యాన్ సక్కగ కూసున్నది. ఇప్పి మల్ల సక్కగ బెట్టిపోయే దొంగను నేనైతే సూడలే!”

గోపాలరావు మెల్లగా దేవేందర్ వైపు తిరిగాడు.

“నువ్వేనా? సెలవురోజున ఒక్కడివే కూర్చుని బండి బాగుచేసుకున్నావా? చెప్పవేమయ్యా!” అంటూ వీపు మీద ఒక్కటి చరిచాడు. “ఇదే ఊపులో పని కానిచ్చెయ్. ట్రైలర్‌ను ఈ సాయంత్రమే రమ్మంటాను.”

సాయంత్రం రోలర్ ట్రైలరెక్కింది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఇక పోయేదేముందనుకుని దేవేందర్ కొట్టు ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు.

“అత్తా... పోయొస్త.”

వజ్రమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. “ఇన్నొద్దులకు నోరొచ్చిందిరా పిలగా నీకు!” అంది. 

పూజ ఉన్నపాటున లేచి, అతని ముందు గ్లాసు ఠక్కున పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “పోయొస్తవా? పో! గా బండిని బాగుజేసింది నువ్వే అంటగా!”

“బాగుజేసుడా? పోవద్దనే గదా, నిన్న పొద్దుగూకంగ దొంగలెక్క ఫ్యాన్ తిరగేసిన! బండాగుతదనుకున్న. ఎందుకాగలేదో గా దేవునికే ఎరుక.”

పూజ నోరు తెరిచింది. తన పసుపు వేళ్ల వైపు చూసుకుంది, అతని కొత్త కటింగు వైపు చూసింది, ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొస్తుంటే నెత్తి మీద కొట్టుకుంది.

“దేవునికి గాదు, నాకెరుక! నువ్వట్ల కటింగుకు పోంగనే, గా ఫ్యాన్‌ను పొద్దుగాలనే నేను తిరగేసిన!”