తోడు వచ్చినవారు బయటే ఉండవలెను

“ఇందాక మూడు మాటలు చెప్పాను కదండీ. అవేంటో చెప్పండి.”

“టికెట్, చిల్లర, ముందుకు జరగండి.”

పరిశోధకురాలు తలెత్తి చూసింది. తను చెప్పినవి తాళం, మేక, గొడుగు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ మాత్రం క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లలా మెరిసిపోతోంది. ఆవిడ రిటైరైన బస్సు కండక్టరు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. గదిలో అడుగు పెడుతూనే తనే చెప్పి, “ఈ కుర్చీ రిజర్వుడా, మామూలుదేనా?” అని కూడా కనుక్కుని కూర్చుంది.

“ఇవాళ ఏ వారం?”

“నీకు తెలీదా? ఇంత చదువుకుని?”

“నాకు తెలుసండీ. మీరు చెప్పాలి.”

“తెలిసిందే మళ్లీ అడుగుతారా? దీనికి నీకు జీతం కూడా ఇస్తున్నారా?”

జీతమన్న మాట వినగానే పరిశోధకురాలికి నవ్వాగలేదు. నవ్వుతూనే సున్నా వేసింది.

గడియారం బొమ్మ గీసి అంకెలు వేయమంటే, కండక్టరమ్మ అన్ని అంకెలనూ కుడివైపే కుక్కేసింది.

“ఎడమవైపు ఖాళీగా వదిలేశారేంటండీ?”

“అవి ఆడవాళ్ల సీట్లమ్మా. ఇంకా ఎవరూ ఎక్కలేదు.”

ఇది మతిమరుపు అప్పుడప్పుడే మొదలైన పెద్దవాళ్ల మీద పరిశోధన. మార్కులు తక్కువొస్తేనే ప్రవేశం. ఫెయిలైతేనే సీటిచ్చే కాలేజీ లోకంలో మనదొక్కటేనని పరిశోధకురాలి పీహెచ్‌డీ గైడుగారు వచ్చినవాళ్లందరి దగ్గరా అదే జోకు వేస్తారు. చేరినవాళ్లు ఏడాదిపాటు వారం వారం వచ్చి పజిళ్లు, పాటలు, కసరత్తులు చేయాలి. దానివల్ల జ్ఞాపకశక్తి జారిపోవడం కాస్తయినా నెమ్మదిస్తుందా అన్నదే తేల్చాలి. తోడు వచ్చినవాళ్లను మాత్రం లోపలికి రానివ్వరు. రానిస్తే కొడుకులూ కోడళ్లూ పరీక్ష హాల్లో చిట్టీలు అందించినట్టు జవాబులు అందిస్తున్నారు మరి.

గాజు తలుపు అవతల బెంచీ మీద కండక్టరమ్మ అక్క కూర్చుని ఉంది. ఒళ్లో సంచి పెట్టుకుని గోడకేసి చూస్తోంది. రిసెప్షన్‌లో పేరడిగితే చెల్లెలి మొహం చూసింది. “మా అక్క కోసం వచ్చామమ్మా, అన్నీ మర్చిపోతోంది పాపం. అయినా ముందు నన్ను చూడండి” అని చెల్లెలే చొరబడింది.

మతి పోయినవాళ్లు మనల్ని ఇంతలా నవ్విస్తారా? పరిశోధకురాలికి ఎక్కడో తేడా కొట్టింది. చదువులోకి రాకముందు ఆమె పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. తప్పు మరీ అందంగా ఉంటే అది తప్పు కాదు, ఎవరో పనిగట్టుకుని చేసిందేనని అక్కడ ఒంటబట్టింది.

“అమ్మమ్మగారూ, ఒక మాట అడగనా? మీరు నటిస్తున్నారు కదూ?”

కండక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఒకసారి ఆమె మొహంలోకి, ఒకసారి తను గీసిన గడియారంలోకి చూసింది. తర్వాత బల్ల మీద ఫట్టున చరిచింది.

“పట్టేశావే, గడుగ్గాయీ! టికెట్ లేనివాళ్లను పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరనుకున్నా.”

“ఎందుకండీ ఈ నాటకం?”

“మరేం చేయమంటావ్? దాన్ని లోపల పడేసి నేను బయట కూర్చోనా? నేను పక్కన లేకపోతే అది దాహమైనా మంచినీళ్లు అడగదు. నాకూ మతి లేదంటే ఇద్దరం ఒకే బండెక్కుతాం కదా.”

“మీలాంటివాళ్లు చేరితే మా లెక్కలన్నీ పాడైపోతాయండీ. మీరు బాగున్నారని తెలిశాక మీ పేరు కొట్టేయాలి.”

“కొట్టెయ్. అక్క పేరూ కొట్టెయ్. నేను లేకుండా అదొక్కత్తీ రాదు. ఇంట్లోనే కూర్చుని ఉన్న కాస్త మతీ పోగొట్టుకుంటుంది. ఆ పాపం నీ డాక్టరేటుకి చుట్టుకుంటుంది.”

“అయ్యయ్యో, శాపాలెందుకండీ!” పరిశోధకురాలు పెన్నుకి మూత పెట్టేసింది. “సరే, నేనేం రాసుకోను. నాకోసం ఒక్కసారి అసలు జవాబులు చెప్పండి.”

“భలేదానివే! నేను జవాబు చెప్పడం, నువ్వు ‘బాగానే ఉన్నావు, ఇక దిగు’ అనడం. ఇలాంటివి ఎన్ని చూడలేదు! బాత్‌రూమ్ ఎటమ్మా?”

ఇక ఆవిడతో పెట్టుకుని లాభం లేదు. ఎడమవైపు తలుపు చూపించి, పరిశోధకురాలు తల పట్టుకుంది. నిజం రాస్తే ఇద్దరూ పోతారు. రాయకపోతే గైడుగారు తన తోలు తీస్తారు. చివరికి ఒక నిర్ణయానికొచ్చింది. గైడుగారి కాళ్లావేళ్లా పడైనా, నోరు మెదపకుండా కూర్చుంటానన్న షరతు మీద చెల్లెల్ని తోడుగా లోపలికి తీసుకోవాలి. ముందు ఆ బయటున్న పెద్దావిడకు ధైర్యం చెప్పాలి.

బెంచీ ముందు గొంతుక్కూర్చుని, పసిపిల్లకు చెప్పినట్టు పెద్దగా, విడివిడిగా చెప్పింది.

“అమ్మమ్మగారూ! మీ చెల్లెలు... మీ పక్కనే... ఉంటారు. ఏం భయం లేదు! మీకోసం ఆవిడ మతిమరుపు నటించారండీ. నేను పట్టేశాను!”

అక్క గోడ మీంచి చూపు తిప్పింది. బాత్‌రూమ్ తలుపు మూసే ఉందని చూసుకుని, ముందుకు వంగింది.

“అరవకమ్మా, నాకు చెముడు లేదు. నాకేం వద్దు, ఆ సీటు దానికివ్వు. తన కోసమంటే అది ఈ మెట్లెక్కదు.”

పరిశోధకురాలు అయోమయంగా చూసింది.

“మతిమరుపు నాకని అబద్ధం చెప్పి తీసుకొచ్చాను.”