ముప్పయ్యో వరస

…అందుకే భయమేసినా, తోరణంలో రంగుల వరస మార్చింది నేనేనని అమ్మమ్మకి చెప్పేశాను.

గ్వడలూపే మరియమాత పండగకి వీధిలో రంగు కాగితాల తోరణం కట్టేది మా అమ్మమ్మే. ఏటా ఒకే వరస.

"ఒకే రంగు కాగితాలు పక్కపక్కన రాకూడదు, అంతేగా? రెండు ఎరుపు, రెండు తెలుపు, రెండు ఆకుపచ్చ. ముప్పై వరసలొస్తాయి అమ్మమ్మా!"

"మా అమ్మ వరస తప్పితే చావొస్తుందే! ఇంక తోరణం ముట్టుకోకు."

"చావుకి రంగుల పట్టింపెక్కడిది?" అనేసి గదిలోకొచ్చి గడియ పెట్టుకున్నాను. ముప్పై వరసలూ కాగితాల మీద మళ్లీ రాశాను.

తలుపు చప్పుడైంది. కాగితాలు దిండు కింద దోపేశాను.

"ఎలోయిసా," అమ్మమ్మ గొంతు తగ్గించింది. "చిన్నప్పుడు మా అమ్మకి తెలీకుండా నేనూ వెతికానే. ఇరవై తొమ్మిదే దొరికాయి. ఆ ఇంకోటేదో చూపించు."