మూత వేసిన టెలిస్కోపు

పేలిపోయిన ఓ నక్షత్రం చుట్టూ ఉన్న వలయంలో కణాలు అంత వేగం ఎలా పుంజుకుంటాయో తేల్చడానికి ఆమె మూడేళ్లుగా అంతరిక్షంలోని ఎక్స్-రే టెలిస్కోపును నమ్ముకుంది. ఈ రాత్రి పరీక్ష కోసం కంట్రోల్ రూమ్ నుంచి దాని మూత వేయించింది. అయినా తెరమీద ఒక్కో చుక్కా పడుతూ ఆ నక్షత్రపు వలయమే ఏర్పడుతోంది. పరికరం చెడిపోయి ఉంటే మూడేళ్ల శ్రమా నీళ్లపాలే. ఇదే పని చేసి మానేసిన సీనియరుకు ఫోన్ చేసింది.

“అక్కా, మూత వేసినా చుక్కలు పడుతున్నాయి.”

“సరిగ్గా వేశావటే? నీకసలే మతిమరుపు.”

“రెండుసార్లు చూశానక్కా.”

“అయితే దాని కెమెరాకు కరెంటు తీసేయ్.”

తీసేసింది. చప్పుడు లేకుండా మరో చుక్క పడింది.

“ఆగలేదక్కా.”



“పని పోతే పోయింది. ఆ వలయం పూర్తయ్యేలోపు ఇంటికెళ్లిపో తల్లీ.”

వలయం సంగతి ఆమె ఇంకా అక్కకు చెప్పనేలేదు.